ప్లాస్టరింగ్ మేస్త్రీని మొదట అడగాల్సింది రేటు కాదు

మా చుట్టాల్లో ఎవరు ఇల్లు కట్టుకుంటున్నా ప్లాస్టరింగ్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఫోన్ చేస్తారు. విజయవాడ అవతల మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మావారు ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతుంటే సైట్ మీద నిలబడింది నేనే కాబట్టి నాకేదో తెలుసని వాళ్ళ నమ్మకం. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "అక్కా, అడుక్కి ఎంతిచ్చారు?" నేను చెప్పిన అంకె కంటే వాళ్ళ మేస్త్రీ చెప్పింది ఒక్క రూపాయి తక్కువున్నా హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేస్తారు. అసలు అడగాల్సినవి ఒక్కటీ అడగరు.

నేను అనేది ఏంటంటే, చదరపు అడుగు లెక్కన గుత్తకి మాట్లాడుకున్నప్పుడు మేస్త్రీకి డబ్బులొచ్చేది గోడ మీద మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, ఎక్కిన అడుగులకే. గోడ తడిపినందుకు రావు, పిల్లర్లకీ బీములకీ గాట్లు పెట్టినందుకు రావు, ఇటుక గోడా కాంక్రీటూ కలిసే చోట పగలకుండా మెష్ (ఇనప వల) కొట్టినందుకు రావు, తూకంగుండు (దారానికి కట్టిన బరువు) పట్టి గోడ నిలువు చూసి, పూత ఎంత మందం రావాలో గుర్తుగా లెవెల్ బొట్లు పెట్టుకున్నందుకు అసలే రావు. కానీ పూత నిలబడేదీ, పగిలేదీ ఈ డబ్బురాని పనుల దగ్గరే. మనం బేరమాడి ఇంకో రూపాయి తగ్గించామనుకోండి, పూత పెట్టడం మానేస్తాడా, మానేస్తే కనపడిపోద్ది కదా, మానేసేది ఇవే. మేస్త్రీ మోసగాడని కాదండి నేను చెప్పేది, మనం మాట్లాడుకున్న లెక్కే అట్లా ఉంది.

కాబట్టి నా దృష్టిలో మంచి మేస్త్రీ అంటే ఈ పనుల సంగతి మనం ఎత్తకముందే తనే ఎత్తేవాడు. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే తెలిసిపోద్ది. కొందరు వరండాలో నిలబడే "మొత్తం మూడు వేల అడుగులు తేలుద్దండి, ఎప్పుడు మొదలెట్టమంటారు" అంటారు. మెష్ కొడతారా అంటే సరే, గాట్లు పెడతారా అంటే సరే, వారంలో అయిపోవాలి అంటే దానికీ సరే. అన్నిటికీ సరే అనే మనిషిని మాత్రం పెట్టుకోకండి. మేం పెట్టుకున్న పెద్దాయన వస్తూనే సంచిలోంచి తూకంగుండు తీసి హాల్లో గోడకి పట్టాడు, దారం ఆగిందాకా మాట్లాడలేదు, తర్వాత పైనా కిందా వేళ్ళతో కొలిచి "ఈ గోడ పైకి పోయేకొద్దీ వెనక్కి పడిందమ్మా, కింద అరంగుళం సరిపోద్ది గానీ పైన అంగుళం దాటి ఎక్కాలి, అంత మందం ఒకేసారి కొడితే జారిపోద్ది, రెండు విడతలుగా కొట్టాలి, దానికి వేరే ఇవ్వాలి" అన్నాడు. కరెంటు వాళ్ళు గోడలో గాడి కొట్టి పెట్టిన పైపు దగ్గరికెళ్ళి వేలితో కదిపి చూశాడు, కదిలింది. "ఇది బిగించి, గాడి పూడ్చి, మెష్ కొట్టందే నేను ముట్టుకోను, రేపు ఈ గీత మీదే పగులుద్ది, మీరొచ్చి నన్నంటారు." మధ్యలో "సార్ ఎప్పుడొస్తారమ్మా" అని కూడా అడిగాడనుకోండి, ఆ మాట అందరూ అడుగుతారు, పట్టించుకోకూడదు.

మా ఆడపడుచు భర్త అన్నయ్యగారు ఆ పూట అక్కడే ఉన్నారు. పని మొదలవకముందే ఇన్ని పేచీలు పెట్టేవాడు మధ్యలో ఇంకెన్ని పెడతాడో, ఈయన వద్దమ్మా అన్నారు. నాకు సరిగ్గా ఆ పేచీల వల్లే ఆయన మీద గురి కుదిరింది. ముందే పేచీ పెట్టాడంటే పని మొత్తం కళ్ళ ముందు కనపడుతోందని అర్థం, కనపడనివాడికి పేచీ ఎక్కణ్ణుంచి వస్తది?

సరే, ఇలాంటి మనిషిని ఎక్కడ పట్టుకోవాలి అంటారా, ఇల్లు కట్టుకున్న ఓనర్లని అడిగి పెద్ద లాభం లేదు, "బాగానే చేశాడు" అంటారు, లేకపోతే "అందరూ అంతే" అంటారు. కార్పెంటర్‌ని అడగండి. వార్డ్‌రోబ్‌లు బిగించేవాళ్ళు, మాడ్యులర్ కిచెన్ వాళ్ళు, టైల్స్ మేస్త్రీలు, వీళ్ళకి తెలిసినంతగా ఊళ్ళో ఏ మేస్త్రీ పూత ఎట్లా ఉంటదో ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆ తప్పులన్నీ ఆఖరికి వచ్చి పడేది వీళ్ళ నెత్తి మీదే. గది మూల సరిగ్గా లేకపోతే వార్డ్‌రోబ్ వెనక సందు వచ్చి దానికి చెక్క బద్దలు బిగించాల్సింది కార్పెంటర్. వంటగట్టు గ్రానైట్ ఒక చివర గోడకి ఆనుకుని ఇంకో చివర వేలు దూరేంత ఖాళీ ఉంటే అది పూడ్చుకోవాల్సింది రాళ్ళ మేస్త్రీ. మేం అడిగిన కార్పెంటర్ ఇద్దరి పేర్లు చెప్పి, "మూడో ఆయన కూడా మంచివాడే గానీ ఆయన కొట్టిన గదిలో నేను కొలత రెండుసార్లు తీసుకుంటా" అన్నాడు. నాకు ఇంకేం కావాలి!

మూల సంగతి మనమే చూసుకోవచ్చు కూడా. మూల దగ్గర్నుంచి ఒక గోడ వెంబడి 3 అడుగులు, రెండో గోడ వెంబడి 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి, సరిగ్గా 5 అడుగులు రావాలి. హాల్లో కాస్త అటూ ఇటూ అయినా సోఫా వెనక పోద్ది, వంటగదీ బెడ్‌రూమ్‌లో అల్మరా పెట్టే మూలా మాత్రం వదలకండి.

చేసిన ఇల్లు చూపిస్తానంటే కొత్తది చూడొద్దు. నిన్నగాక మొన్న అయిపోయిన గోడ ఎవరు కొట్టినా బాగానే ఉంటది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటిన ఇల్లు అడగండి. వెళ్ళాక రూపాయి బిళ్ళతో గోడ మీద అక్కడక్కడా తట్టుకుంటూ పోండి, గట్టి చప్పుడు వస్తే సరే, డొల్లగా మోగితే అక్కడ పూత గోడని పట్టుకోలేదు, గోడ తడపకుండానో కాంక్రీటుకి గాట్లు పెట్టకుండానో కొట్టారన్నమాట. పిల్లర్ పక్కనే నిలువుగా తిన్నగా గీత పడిందంటే మెష్ ఎగ్గొట్టారు, లేదా నామకేవాస్తే ఒక పీలిక తగిలించారు, అది అతుకుకి రెండు వైపులా కనీసం జానెడులో సగమన్నా వెళ్ళాలి, అరడుగు వెళితే ఇంకా మంచిది. గోడంతా వెంట్రుక నెర్రెలు ఉంటే సాధారణంగా పొడి సిమెంటు పని. పూత ఇంకా పచ్చిగా ఉండగానే నీళ్ళు లాగెయ్యడానికి పైన పొడి సిమెంటు చల్లి రుద్దేస్తారు, ఆ రోజుకి నున్నగా నిగనిగలాడుద్ది, నెల తిరిగేసరికి నెర్రెలిస్తది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు మాత్రం పాపం పూత మేస్త్రీ మీద వేయకండి, అది లింటెల్‌దో (కిటికీ పైన వేసే కాంక్రీటు దూలం) పునాదిదో అయ్యుండొచ్చు.

ఇప్పుడు డబ్బుల లెక్క చూద్దాం, ఎందుకంటే ఇవన్నీ విని "అదంతా ఓకే అక్కా, కానీ ఈయన రెండు రూపాయలు తక్కువ చెప్పాడు" అనేవాళ్ళే ఎక్కువ. ఇల్లు లోపల పూత 3,000 అడుగులు అనుకోండి, అడుక్కి రెండు రూపాయలు మిగిలితే 6,000 మిగిలినట్టు. లోపలి గోడలకి మామూలుగా 1:6 మాలు, అంటే సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, 12 ఎంఎం మందం. ఆ మందానికి వంద అడుగులకి వృథాతో కలిపి ముప్పావు బస్తా సిమెంటు దాకా పట్టుద్ది. లెవెల్ బొట్లు సరిగ్గా పెట్టుకోనివాడు, గోడ వంకర పూతలో సర్దేద్దాంలే అనుకునేవాడు అదే గోడని 20 ఎంఎం చేస్తాడు, అప్పుడు వందకి ఒక బస్తా దాటి ఇంకా పావు బస్తా దాకా పోద్ది. మూడు వేల అడుగులకి చూసుకుంటే తేడా పద్నాలుగు పదిహేను బస్తాలు, బస్తా 350 వేసుకున్నా 4,900 పైమాటే, దాని మీద దాదాపు ఒక ట్రాక్టరు ఇసుక. లేబర్ కాంట్రాక్టులో సిమెంటూ ఇసుకా మనవే కదా, ఆయనకేం పట్టింది? రెండు రూపాయల ఆదా అంతా గోడలోకే పోయింది, పైగా మందం పెరిగితే పగిలే అవకాశం ఎక్కువ.

అందుకే ఇంకో మాట, దీని మీద మా ఇంజనీరు తమ్ముడితో నాకు ఇప్పటికీ పడదు. గోడ కట్టిన ముఠాకి ప్లాస్టరింగ్ ఇవ్వకూడదు, వేరే వాళ్ళకిస్తే మొదటి వాళ్ళ తప్పులు బయటపడతాయి అంటాడు వాడు. బయటపడతాయి నిజమే, పడి ఏం చేస్తాం, గోడ లేచిపోయాక విప్పుతామా? తప్పులు చూసిన రెండో మేస్త్రీ కూడా విప్పమనడు, మందం పెంచి బిల్లు పెంచుతాడు. అదే రేపు ఈ గోడకి పూత కూడా నేనే కొట్టాలి అని తెలిసిన మేస్త్రీ ఇటుక పేర్చేటప్పుడే గుండు పట్టి చూసుకుంటాడు. కాబట్టి గోడ మొదలుపెట్టేముందే రెండూ కలిపి మాట్లాడుకోండి. ఇటుక కూడా లెక్కలోకి వస్తది. మా వైపు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ఉండబట్టి బూడిద ఇటుకలు బాగా దొరుకుతాయి, సైజు ఒకటే ఉంటది, పూత పల్చగా సరిపోద్ది. మట్టి ఇటుకైతే ఒక ముఖం తిన్నగా కట్టుకొస్తే రెండో ముఖం ఎగుడుదిగుడు తప్పదు, ప్రభుత్వ పనుల్లో కూడా బాగున్న ముఖానికి 12 ఎంఎం, రెండో దానికి 15 ఎంఎం అని రాస్తారు. తెల్లటి ఏఏసీ బ్లాకుల (తేలికపాటి కాంక్రీటు దిమ్మెల) గోడ అయితే మాత్రం ఆ బ్లాకు మీద ఇదివరకు పని చేశావా అని గట్టిగా అడగండి, అది నీళ్ళు పీల్చే తీరే వేరు, ఇటుక గోడని తడిపినట్టు పైపు పెట్టి తడిపేసి పూత కొడితే నెర్రెలే నెర్రెలు.

మేస్త్రీ ఎంత మంచివాడైనా మాలు కలిపేది ఆయన కాదు, కింద ఉండే ఆడమనిషి. ఇది చాలామంది చూడరు. ఒకటికి ఆరు అని మనం మేస్త్రీతో గొప్పగా మాట్లాడుకుంటాం, ఆ ఆరు లెక్కపెట్టేది ఆవిడ, బస్తాకి ఎన్ని తట్టల ఇసుక పడుతోందో ఆవిడకే తెలుసు, తట్ట శిఖరంగా పోసిందా అంచు దాకా పోసిందా అన్నది కూడా లెక్కే. మా దగ్గర పనిచేసిన ఆవిడ పేరు రాయను గానీ, ముందు పొడిగా రెండుసార్లు తిరగేసి రంగు ఒకటే వచ్చిందాకా నీళ్ళు ముట్టుకునేది కాదు, ఆ కుప్పలో కూడా సగానికే నీళ్ళు పోసేది. అదేంటమ్మా సగమే అంటే, "అంతా తడిపితే మేస్త్రీ అయిపోగొట్టేసరికి బిగిసిపోద్దండి, మళ్ళీ నీళ్ళు కొట్టమంటాడు, అప్పుడు సిమెంటు పవర్ పోద్ది" అంది. నీళ్ళు తగిలాక అరగంటలో వాడెయ్యాలి అని సివిల్ ఇంజనీర్లు చెప్పేది ఇదే. పనికి కుదుర్చుకునే ముందు ఆ మేస్త్రీ నడుస్తున్న సైట్‌కి టీ టైమ్‌లో వెళ్ళండి, టీ ముందు కలిపిన మాలు టీ తర్వాత ఏం చేస్తున్నారో చూడండి. బిగుస్తున్న మాల్లో మళ్ళీ నీళ్ళు పోసి పారతో తిరగేశారంటే మీరు ఇంకేం అడక్కుండా వచ్చెయ్యొచ్చు.

ఇసుక మనం తెచ్చేదే కాబట్టి తప్పు మనది కాకుండా చూసుకోవాలి. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, నీళ్ళల్లో చిటికెడు ఉప్పు వేసి నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా వదిలెయ్యండి, పైన పేరుకున్న బురద పొర కింద ఇసుక మందంలో నూటికి ఎనిమిది వంతులు దాటితే ఆ ఇసుక వద్దు. రోబో ఇసుక (రాయిని మిషన్‌లో పిండి చేసిన ఇసుక) అయితే ప్లాస్టరింగ్ రకం అని విడిగా ఉంటది, కాంక్రీటుకి తెచ్చింది మిగిలింది కదా అని వాడొద్దు, క్రషర్ డస్ట్ అసలు వద్దు. మంచి మేస్త్రీ ఇసుక పిడికిట్లో పట్టి పిసికి, వదిలేసి, అరచేయి చూసుకుంటాడు, మట్టి అంటితే మొహం చిట్లిస్తాడు. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న చోట ఆ నీళ్ళతో కలిపితే తర్వాత గోడ మీద తెల్లగా ఉప్పు తేలుద్ది, రంగు పొలుసులుగా లేస్తది, దానికి మేస్త్రీని తిట్టి లాభం లేదు.

ఇక "పుట్టీలో కవరైపోద్దండి" అనే మాట. ప్లాస్టరింగ్ జరిగినన్నాళ్ళూ ఈ మాట వినపడుతూనే ఉంటది, హైదరాబాద్ వైపు వాళ్ళయితే లప్పంలో పోతది అంటారు, అంతే తేడా. పుట్టీ రెండుసార్లు కొట్టినా మొత్తం ఒకటి రెండు ఎంఎం. అది చిన్న చిన్న రంధ్రాలు పూడ్చడానికి, గోడ కడుపు లోపలికి పోతే నింపడానికి కాదు. మందంగా పెడితే పెచ్చులూడుద్ది. ఈ మాట ఒకటి రెండుసార్లు అయితే సరే, ప్రతి గోడ దగ్గరా అంటుంటే పని అక్కడే ఆపండి. గోడ తిన్నగా ఉందో లేదో పగలు తెలియదు, రాత్రి లైట్లన్నీ ఆపేసి టార్చ్ గోడకి ఆనించి గోడ వెంబడి వెలుగు పడేట్టు పట్టండి, ప్రతి గుంటా, ప్రతి ఉబ్బూ నీడతో సహా కనపడుద్ది. ఒక ఆరడుగుల అల్యూమినియం బద్ద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఆనించి చూసినా చాలు. ఇది పూత కొట్టిన మర్నాడే చేసుకోవాలి, రంగులయ్యాక కాదు.

పూత కొట్టాక తడపడం మామూలుగా ఓనర్ పనే అని గుత్తలో ఉంటది, ఉండనివ్వండి, కానీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్నిసార్లు కొట్టాలి అని చెప్పి, మర్నాడు వచ్చి గోడ మీద చెయ్యి వేసి చూసే మేస్త్రీ ఉన్నాడే, ఆయన్ని వదులుకోకండి. కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. విజయవాడ మే నెల ఎండల్లో పొద్దునొకసారి సాయంత్రమొకసారి అంటే చాలదు, వడగాలి రాకుండా కిటికీలకి టార్పాలిన్ పట్టాలు కట్టుకోవాలి కూడా. నన్నడిగితే ఆ నెలలో లోపలి ప్లాస్టరింగ్ పెట్టుకోకపోవడమే మంచిది, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని పెట్టుకుంటారు, పూత ఆరక ముందే పుట్టీ, పుట్టీ ఆరక ముందే రంగులు, తర్వాత బుడగలు. పూతకి పుట్టీకి మధ్య ఒక నెల వదిలితే మంచిది.

మా బావగారు హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి ఈ గొడవంతా ఎందుకని సిమెంటు పూత బదులు జిప్సమ్ పూత కొట్టించారు. అది వేరే లోకం. తడపక్కర్లేదు, నున్నగా వస్తది, త్వరగా అయిపోద్ది, నాకు నచ్చింది కూడా. కానీ బాత్‌రూమ్‌లకి, సింకు వెనక గోడకి పనికిరాదు, పై ఫ్లాట్ నుంచి నీళ్ళు కారే చోట కూడా అంతే. చేసే ముఠాలో చూడాల్సింది ఒకటి, బకెట్టు. జిప్సమ్ అరగంట లోపే గట్టిపడిపోద్ది, పాత మాలు అంటుకున్న బకెట్లో కొత్తది కలిపితే ఇంకా తొందరగా బిగుస్తది, అందుకని ప్రతిసారీ బకెట్టు కడిగేవాళ్ళకి పని తెలిసినట్టు. నున్నటి కాంక్రీటు మీద పూత పట్టుకోవడానికి ముందు పూసే బాండింగ్ ఏజెంట్ పూస్తున్నారా లేదా అన్నది రెండోది.

గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్ళున్నవాళ్ళు మాత్రం మామూలు సిమెంటు మేస్త్రీని పిలిచి పెచ్చులూడిన చోట సిమెంటు కొట్టించకండి. మెత్తటి సున్నం మీద గట్టి సిమెంటు నిలవదు, గోడలో తడి బయటికి పోక పక్కన బాగున్న పూత కూడా ఊడుద్ది. సున్నం పని తెలిసినవాళ్ళు తక్కువే, అయినా వెతకాల్సిందే.

మరి నేనెలా ఒప్పందం చేసుకోమంటానంటే, పూత అడుగు లెక్కన, ముందు పని రోజు కూలి లెక్కన. గాట్లు, మెష్, గాడులు పూడ్చడం, బొట్లు పెట్టడం, వీటికి ఎన్ని రోజులైతే అన్ని రోజులకి మేస్త్రీకీ కూలీకీ విడిగా ఇచ్చెయ్యండి. రోజు కూలికిస్తే సాగదీస్తారు అని వెంటనే అంటారు, కొంచెం సాగదీస్తారు, నిజమే, గాట్లు సాగదీసి పెట్టినా ఆ గాట్లు నా గోడకే కదా పడేది. కొలత ఎలా తీస్తారో కూడా ముందే తేల్చుకోండి. మా వైపు కిటికీలు, గుమ్మాలు తీసెయ్యకుండా గోడ మొత్తం కొలుస్తారు, పక్కలు చెక్కే పని ఉంది కదా అంటారు. కట్టడం పనుల కొలతకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 పద్ధతిలో అయితే అర చదరపు మీటరు లోపు ఖాళీకి మినహాయింపు లేదు, అది దాటి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీసేస్తారు, ఆపైన రెండు వైపులా తీసేసి పక్కలు విడిగా కొలుస్తారు. ఏదైనా ఫరవాలేదు, బిల్లు రోజు కొట్లాట లేకుండా కాగితం మీద ఉండాలి.

లేబర్ కార్డు సంగతి కూడా అడగండి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్ళు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు, ఆ నమోదు కార్డే ఇది. ముఠాలో మేస్త్రీలకి ఉంటది, మాలు కలిపేవాళ్ళకి ఉండదు, మా సైట్‌లోనూ అంతే. తన కింద వాళ్ళకి కార్డులున్నాయో లేదో తెలిసిన మేస్త్రీ దగ్గర మనుషులు మారిపోకుండా ఉంటారు, అదే ఆవిడ అదే లెక్కతో మొదటి గోడ నుంచి చివరి గోడ దాకా మాలు కలుపుతుంది.

డబ్బులు మొత్తం ముందే ఇచ్చెయ్యకండి, కొంత పుట్టీ కొట్టడం అయ్యాక ఇస్తానని ముందే చెప్పి పెట్టుకోండి, పని మీద నమ్మకం ఉన్నవాళ్ళు పెద్దగా గొణగరు. అయితే వారం బట్వాడా మాత్రం ఆపొద్దు, కోపం వచ్చినా సరే. శనివారం సాయంత్రం కూలీలకి చేతిలో పడకపోతే సోమవారం ఆ ముఠా ఇంకో సైట్‌లో ఉంటది, మీ హాలు సగం గోడతో ఆగిపోద్ది, ఆ అతుకు దగ్గర గీత ఎంత పుట్టీ కొట్టినా పోదు.